మంచులో పెట్టకూడని రక్తం

పోయిన నెల ఆయన చనిపోయారని ల్యాబ్ నుంచి ఈమెయిల్ వచ్చింది. రెండే వాక్యాలు. మొదటిదాంట్లో ఆయన పేరు, ఎన్నేళ్ళు పనిచేసి రిటైరయ్యారో ఉంది. రెండోదాంట్లో అంత్యక్రియలు అయిపోయాయని ఉంది. దాని కిందే కారు పార్కింగు మార్పుల గురించి పెద్ద పేరా. నేను ఆ పేరా కూడా పూర్తిగా చదివాను. చదవడం ఆపితే ఏం చేయాలో తెలియలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు సరిగ్గా ఉండాల్సింది ట్యూబు మీద, మిగతా చోట్ల ఎలా ఉన్నా పర్లేదు అనేవారు. ల్యాబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా పిలిచేవారు. ఎలా పిలిచినా తల తిప్పేవారు. ఎవరినీ ఒక్కసారి కూడా సరిదిద్దలేదు.

నేను బ్రిస్బేన్‌కి ఎగువన కొండ మీదున్న టూవూంబాలో ఒక క్లినిక్ పక్కన చిన్న గదిలో రక్తం తీసే పని చేస్తాను. మాది నల్గొండ. ఇంటర్ దాకానే చదివాను. మా ఆయన గనుల్లో పని. రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇంట్లో. ఆ రెండు వారాలూ నన్ను కాపాడింది ఈ ఊరి లైబ్రరీ. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇంగ్లీషు కోసం వెళ్ళాను, తర్వాత అలవాటయింది. ఒక అర పట్టుకుంటే ఎడమ చివర నుంచి కుడి చివర దాకా చదివేదాన్ని. నక్షత్రాలు, నేలలు, తేనెటీగలు అయ్యాక మనిషి శరీరం దగ్గరికి వచ్చాను. మూత్రపిండాల మీద ఉన్న పుస్తకాలు చదువుతూ తెలుగులో నోట్సు రాసుకుంటుంటే, ఎదురు బల్ల దగ్గర పేపరు చదువుతున్న ఒక ముసలాయన తెలుగులోనే అన్నారు, కిడ్నీ పుస్తకాన్ని ఇంత ఇష్టంగా చదివే మనిషిని ఇప్పుడే చూస్తున్నానని.

ఊళ్ళో తెలుగు డాక్టర్లు, యూనివర్సిటీవాళ్ళు కొంతమంది ఉన్నారు కానీ ఈయన్ని ఏ పూజలోనూ, ఏ పుట్టినరోజులోనూ చూడలేదు. నేను లేచి నిలబడి "నమస్తే అంకుల్" అన్నాను.

"అంకుల్ అనకమ్మా," అన్నారు. "అంకుల్ అన్నాక ఎవరో ఒకరు పెరట్లో బార్బెక్యూ విందుకి పిలుస్తారు. రాకుండా ఉండడానికి నేను కారణం వెతుక్కోవాలి. సార్ అను. సార్‌ని ఎవరూ భోజనానికి పిలవరు."

ఎక్కడ పనిచేస్తానో చెప్పగానే నా నోట్సు తనవైపు తిప్పుకుని చూశారు. అంకెలు ఇలా వేసేది నువ్వా, ఏడుకి మధ్యలో గీత పెట్టేది నువ్వా అని అడిగారు. నా ట్యూబులన్నీ వెళ్ళేది ఆయన ల్యాబ్‌కే. హార్మోన్ల విభాగం ఆయనది. జిల్లాలో రక్తం తీసేవాళ్ళందరినీ ఆయన చేతిరాతతో గుర్తుపట్టేవారు. మనుషుల్ని చూడాల్సిన అవసరం పెద్దగా పడలేదని, ఫలానావాళ్ళు ఈ మధ్య తొందరలో ఉన్నారనో, ఎవరికో చేతికి దెబ్బ తగిలిందనో రాత చూస్తే తెలిసిపోతుందని చెప్పారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నిజంగానే ఆయనకున్న పరిచయాలు అవి.

చీరాల వైపు మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళి చివరి బెంచీలో కూర్చుని, పాటలు అవగానే టీకి ఆగకుండా వచ్చేసేవారు. ఈ మూడు సంగతులు తప్ప ఆయన జీవితం గురించి నాకేమీ తెలియదు. నాకు తెలిసింది ఆయన చేతులు.

ఎవరికి చెయ్యి అందించినా, ముందు అవతలివాళ్ళ పిడికిలిని మెల్లగా విప్పేవారు. రక్తం తీసేటప్పుడు పిడికిలి గట్టిగా బిగిస్తే పొటాషియం లెక్క పెరిగిపోతుంది. పొటాషియం తప్పయితే హార్మోన్ల లెక్కకి అర్థం మారిపోతుంది. నలభై ఏళ్ళుగా అదే ధ్యాసలో ఉండి, బ్యాంకులోనూ చర్చిలోనూ కూడా మనుషుల వేళ్ళు విప్పేవారు. కొందరు దాన్ని ప్రేమనుకునేవారు. కొందరు చెయ్యి లాక్కునేవారు.

మా గదికి నెలకోసారి వచ్చేవారు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న వంటింటి టైమరు ఒకటి జేబులో ఉండేది. బీపీ హార్మోన్ల పరీక్షకి వచ్చిన మనిషి పొద్దున లేచి రెండు గంటలైనా నడిచి తిరిగి ఉండాలి, తర్వాత కుర్చీలో పదిహేను నిమిషాలు ఊరికే కూర్చోవాలి. మేము ఐదు నిమిషాలకే సూది తీస్తామని ఆయన అనుమానం. అనుమానం నిజమే. టైమరు బల్ల మీద పెట్టి, తనే పేషెంటు కుర్చీలో కూర్చుని, పదిహేను నిమిషాలంటే ఎంతసేపో చూపించేవారు. ఫోను తీసేవారు కాదు. మాట్లాడేవారు కాదు. గుడ్డు మోగాక చొక్కా చెయ్యి మడిచి, "ఇప్పుడు తియ్యి," అనేవారు. ఆ రక్తం కూడా వృథా కాదు. ఫ్రీజర్లో దాచి, రోజూ యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ఆయన రక్తమే వాడేవారు. ఆ చేతి నరాలు నాకు మా ఇంటి దారంత బాగా తెలుసు.

అప్పట్లో ఆయన పట్టుకున్న పని ఒకటుంది. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి. ఆల్డోస్టిరాన్ అనే హార్మోను అక్కడ పుడుతుంది. ఒంట్లో ఉప్పు పట్టి ఉంచమని చెప్పేది అదే. ఎప్పుడు చెప్పాలో, ఎంత చెప్పాలో మూత్రపిండం రెనిన్ అనే ఇంకో పదార్థం ద్వారా ఆర్డరు పంపుతుంది. కొందరిలో ఆర్డరు రాకుండానే ఆ గ్రంథి పనిచేసుకుంటూ పోతుంది. ఉప్పు నిలుస్తుంది, బీపీ పెరుగుతుంది. వాళ్ళకి మామూలు బీపీ అనుకుని మామూలు మాత్రలు ఇస్తూ ఉంటారు. ఒక్కోసారి ఒక్క గ్రంథి తీసేస్తే పోయే జబ్బు అది. రెండింటినీ కలిపి చూస్తేనే దొరుకుతుంది: ఆల్డోస్టిరాన్ ఎక్కువ, రెనిన్ తక్కువ.

ల్యాబ్‌లో ఉన్న పాత పద్ధతి ఆల్డోస్టిరాన్‌ని ఉన్నదానికంటే ఎక్కువ చూపించేది. దాన్ని పోలిన పదార్థాలను కూడా అదే అనుకుని లెక్కలో వేసేది. "పాతది మనిషిని చొక్కా చూసి గుర్తుపడుతుంది. కొత్తది తూకం వేసి పట్టుకుంటుంది," అనేవారు. తూకం వేసే కొత్త యంత్రం బ్రిస్బేన్‌లో ఉండేది. ఒకే మనిషి రక్తాన్ని ఇక్కడ పాత పద్ధతిలో, అక్కడ కొత్త పద్ధతిలో చూసి, ఏ అంకె నుంచి జబ్బు అనాలో కొత్త హద్దు గీయాలి. వారానికోసారి ఫ్రీజర్లో గడ్డకట్టించిన ప్లాస్మా పెట్టెలు వెనక సీట్లో పెట్టుకుని, కొండ దిగి బ్రిస్బేన్ వెళ్ళి వచ్చేవారు. ఆ పెట్టెలకి సీటుబెల్టు పెట్టేవారు. దారిలో వాటితో మాట్లాడతారా సార్ అని నేను ఏడిపిస్తే, కారులో ఇంకెవరున్నారమ్మా అన్నారు.

ఇక నా సంగతి చెప్పాలి.

ఆ రోజుల్లో ఒకామె పరీక్షకి వచ్చింది. డాల్బీ అనే ఊరు దాటి, రెండున్నర గంటల దూరంలో ఓ చిన్న ఊరు. స్కూలు బస్సు నడుపుతుంది. నలభై ఏళ్ళు రాలేదు. మూడు రకాల మాత్రలు వేసుకున్నా బీపీ దిగడం లేదు. వాళ్ళమ్మకి నలభై ఐదో ఏట పక్షవాతం వచ్చింది. ఆ వయసు తనకి దగ్గర పడుతోందని, కూర్చున్న పదిహేను నిమిషాల్లో మూడుసార్లు చెప్పింది. ఈ పరీక్ష కోసం కొన్ని మాత్రలు ఆపి వేరేవి వాడాలి. ఆ వారాల్లో బీపీ ఎటు పోతుందో తెలియదని డాక్టరు బస్సు నడపొద్దన్నాడు. నెలన్నర ఇంట్లో కూర్చుని, సెలవులన్నీ వాడేసుకుని వచ్చింది.

ఆమె రక్తాన్ని నేను ప్రత్యేకంగా చూసుకోవాలనుకున్నాను. అంతకు ముందు వారమే లైబ్రరీలో అట్ట చిరిగిన పాత వైద్యం పుస్తకం ఒకటి దొరికింది. రెనిన్ కోసం తీసిన రక్తాన్ని వెంటనే మంచులో పెట్టాలని అందులో స్పష్టంగా ఉంది. మా గది గోడ మీదున్న కాగితంలో 'గది వేడిమిలో ఉంచాలి' అని చిన్న అక్షరాల్లో ఉంది. కాగితం ఎవరో ఆఫీసులో కూర్చుని టైపు చేసింది. పుస్తకం చదువుకున్నవాళ్ళు రాసింది. నాకు సందేహం కలగలేదు. ఎదురుగా ఉన్న సర్వోకి, అదే పెట్రోలు బంకుకి పరిగెత్తి, పెట్రోలుకి డబ్బులు కట్టేవాళ్ళ మధ్య లైన్లో నిలబడి ఐస్ సంచి కొన్నాను. ఊదారంగు మూత ట్యూబుని దాంట్లో నిలబెట్టాను. కొరియరు వచ్చేసరికి రెండు గంటలయింది. తడి తుడిచి, మిగతావాటితో కలిపి పంపాను. ఒక మనిషికి మంచి చేశానని ఆ సాయంత్రం ఒంటరిగా అన్నం తింటూ అనుకున్నాను.

రెండు వారాల తర్వాత ఆయన వచ్చినప్పుడు గొప్పగా చెప్పాను కూడా. "ఆ బస్ డ్రైవర్‌ది ఐస్‌ల పెట్టి పంపిన సార్. బుక్‌ల చదివిన. మీ కాగితంల అది లేదు, రాయించండి."

ఆయన మొహంలో ఏం కదిలిందో చెప్పలేను. ఎంతసేపు పెట్టావని మాత్రం అడిగారు. చెప్పాను. పేషెంటు కుర్చీలో కూర్చున్నారు. టైమరు తీయలేదు.

రక్తంలో నిద్రపోతున్న రెనిన్ కూడా ఉంటుందట. చలికి అది ట్యూబులోనే మేలుకుంటుంది. అప్పుడు లేని ఆర్డరు ఉన్నట్టు కనిపిస్తుంది. జబ్బు ఉన్నా దాని వెనక దాక్కుంటుంది. వేరుచేసిన ప్లాస్మాని చప్పున రాయిలా గడ్డకట్టిస్తే భయం లేదు, గదిలో ఊరికే వదిలేసినా కొన్ని గంటలు భయం లేదు. మధ్యలో ఉండే ఆ చల్లదనమే చెడ్డది. "యంత్రం అబద్ధం చెప్పదమ్మా," అన్నారు. "యంత్రం దగ్గరికి వచ్చేలోపు మనమే చెప్తాం."

ఆమె రిజల్టు అప్పటికే వెళ్ళిపోయింది. రెనిన్ తక్కువ లేదు, గ్రంథి జబ్బు కాదు. పాత మాత్రలు మళ్ళీ మొదలుపెట్టింది, బస్సు ఎక్కింది.

నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అంతకంటే ఎక్కువ, చదువు తెలుసుననుకున్నదాన్ని ఆయన ముందు చదువు రానిదానిలా నిలబడ్డానని సిగ్గుపడ్డాను. ఆ పుస్తకాన్ని తిట్టాను. ఆయన దాన్ని తిట్టనివ్వలేదు.

"అది తప్పు రాయలేదు. అప్పట్లో అందరం అలాగే చేశాం. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఐస్ బకెట్టు మోసేది నేనే. మొత్తం ల్యాబ్‌లో నాదే చల్లని ఐస్ అని పేరు."

ఎన్నాళ్ళు అలా చేశారని అడిగాను. చాలా ఏళ్ళు అన్నారు. వాళ్ళందరికీ ఏం లేదని రిపోర్టు వెళ్ళిందా అని అడగబోయి ఆగాను. ఆయనే అన్నారు: "కొందరికి నిజంగానే ఏం ఉండి ఉండదు. ఎవరికి ఉందో ఎవరికి లేదో నాకు తెలీదు. కాగితాలు కూడా లేవిప్పుడు."

అప్పుడర్థమైంది ఆయన టీకి ఆగకపోవడం, భోజనాలకి రాకపోవడం. నేను అనుకున్నది నిజం కాకపోవచ్చు. ఆయన ఎప్పుడూ అలా చెప్పలేదు. కానీ ఏ గదికి వెళ్ళినా, అప్పట్లో తను ఐస్‌లో పెట్టిన రక్తం వీళ్ళదేనేమో అనిపించే వయసు మనుషులుంటారు. మంచి ఊళ్ళో ఒంటరిగా ఉండడానికి ఆ మాత్రం కారణం చాలు.

సార్ ల్యాబ్ మేనేజరుకి చెప్పారు. ఆమె మంచిదే. రిపోర్టుని సరిచేసి, డాక్టరుకి చెప్పి, మళ్ళీ పరీక్ష చేయించుకోమని ఉత్తరం రాద్దాం, అంతవరకే మన పని అంది. నాకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి, మళ్ళీ శిక్షణకి పంపింది. ఉత్తరం వెళ్ళింది. డాక్టరు చెప్పాడు. ఆమె రానంది. మళ్ళీ మాత్రలు మార్చాలి, మళ్ళీ నెలన్నర బస్సు వదిలేయాలి, మళ్ళీ అంత దూరం రావాలి. ఒకసారి కాదన్న జబ్బు కోసం ఇంత చేయనని చెప్పేసింది. మేనేజరు ఆ సంగతి ఫైల్లో రాసి మూసేసింది.

ఆయన ఆమెకి ఫోన్ చేసి, ఇంటికి వచ్చి మాట్లాడొచ్చా అని అడిగారు. వస్తే రండి గానీ నా మనసు మారదు అందట. మేనేజరుకి చెప్పి, ఒక శనివారం పొద్దున కారు మా ఇంటి ముందు ఆపారు. వస్తావా అని ఆయన అడగలేదు, వస్తానని నేనూ చెప్పలేదు. ఎక్కాను.

దారంతా జొన్న చేలు, ఎర్రమట్టి, అక్కడక్కడా ధాన్యం నింపే ఇనుప గాదెలు. ఆయన ఏసీ వేయరు. అద్దాలు దించి, గాలి హోరులో మాటలు వినపడవు కాబట్టి మాట్లాడే అవసరం లేకుండా నడిపారు. సగం దారిలో ఆపి, పెరుగన్నం డబ్బా తీసి మూతలో సగం నాకు పెట్టారు. నాకు పెట్టడానికి రెండో చెంచా లేదు. తన చెంచా నాకిచ్చి ఆయన చేత్తో తిన్నారు. "నేనే చెప్పాలా సార్?" అని అడిగాను. ఆయన డబ్బా కడుగుతూ, "నీ ఇష్టం," అన్నారు. ఇష్టం కానిదాన్ని అంత నెమ్మదిగా నా చేతిలో పెట్టినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆమె వరండాలో కుర్చీలు వేసి ఉంచింది. కూర్చోమంది కానీ తను కూర్చోలేదు. ఆయన చల్లని రక్తం సంగతి తేలిక మాటల్లో చెప్పారు. అంతా విని, ఎవరు చేశారిది అని అడిగింది. ఆయన తన బూట్ల వైపు చూస్తూ ఉండిపోయారు. నా తరఫున మాట్లాడతారేమోనని ఎదురుచూశాను. మాట్లాడలేదు.

నేనే అని చెప్పాను. మీకు మంచి జరగాలని ఎదురు సర్వో నుంచి ఐస్ తెచ్చి పెట్టాను, పుస్తకంలో చదివి చేశాను, క్షమించండి అన్నాను. నా ఇంగ్లీషు తడబడింది. ఆమె నావైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాను. "సర్వో నుంచి ఐస్ తెచ్చావా," అంది. "నాకోసమా."

తర్వాత ఆయన వైపు తిరిగింది. "తప్పు ఈ అమ్మాయిది. ఉత్తరం పంపారు, డాక్టరు చెప్పాడు, నేను రానన్నాను. మీ పని అయిపోయింది. మరి మీరెందుకొచ్చారు మేట్, ఇంత దూరం?"

ఆయన జవాబు ఇంగ్లీషులోనే చెప్పారు. ఇన్నేళ్ళుగా నా తలలో మాత్రం తెలుగులోనే ఉంది. "ఇదే తప్పు నేను చాలామందికి చేశాను. వాళ్ళ ఇళ్ళెక్కడో నాకు తెలీదు. మీ ఇల్లు తెలుసు."

ఆమె కూర్చుంది. వరండా రేకు మీద ఏదో పక్షి నడుస్తున్న చప్పుడు వినిపించింది. వస్తానని గానీ రానని గానీ చెప్పకుండా, వెళ్ళేటప్పుడు మాకు ఒక సంచి నిమ్మకాయలిచ్చింది. ఆమె చెయ్యి కలిపినప్పుడు ఆయన పిడికిలి విప్పబోయి, అది తెరిచే ఉందని చూసి, ఊరికే పట్టుకున్నారు.

వారం, రెండు వారాలు గడిచాయి. ఆయన ఆ సంగతి ఎత్తలేదు. నెలవారీ రాకలో వచ్చి, కూర్చుని, చెయ్యి చాపి వెళ్ళిపోయారు. సెలవులకి పిల్లల బళ్ళు మూశాక, ఆమె పేరు మా గది అపాయింట్‌మెంట్లలో కనిపించింది. మాత్రలు మార్చడానికి బళ్ళు లేని రోజులు చూసుకుని, తెరిచాక మరికొన్ని వారాలు జీతం లేకుండా సెలవు పెట్టుకుందట.

ఆ రోజు ఆయన కూడా వచ్చారు. ఆమె పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆ పదిహేను నిమిషాలూ ఇద్దరూ గోడనే చూశారు. ఆమె ఒకసారి తన బస్సులో ఒక పిల్లవాడు రోజూ బూటు మరిచిపోతాడని చెప్పింది. ఆయన తల ఊపారు. నేను రక్తం తీశాను. ట్యూబుని కొరియరుకి ఇవ్వనివ్వలేదు ఆయన. తన అరచేతిలో కాదు, అక్కడ వేడెక్కుతుందని, ఒక కాగితం గ్లాసులో నిలబెట్టి, ల్యాబ్ దాకా నడిచే వెళ్ళారు. వీధి చివర మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ట్రాఫిక్ లైటు దగ్గర గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని ఆగారు.

ఇక్కడి రిజల్టు, బ్రిస్బేన్ రిజల్టు రెండూ రావడానికి పదిరోజులు పట్టింది. ఆ సాయంత్రం నేను గది శుభ్రం చేస్తుంటే ఫోన్ మోగింది. మా ఆయన గనుల నుంచి చేస్తున్నాడనుకున్నాను. కాదు, సార్.

రెండు పద్ధతుల్లోనూ జబ్బు దొరికిందన్నారు. రెనిన్ దాదాపు లేదు. డాక్టరుకి అప్పుడే చెప్పారట. ఆమెకి డాక్టరు చెప్తాడు. స్కానులు చూసి, ఒక గ్రంథేనా, రెండా తేలుస్తారు. ఆపరేషనో, సరైన మాత్రో, ఏదైనా ఇకమీద జబ్బుకి తగ్గ వైద్యమే జరుగుతుంది.

సంతోషంగా ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. ఆయన వైపు నుంచి ఫ్రీజర్ల రొద వినిపిస్తోంది. ల్యాబ్‌లో అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయే వేళ అది.

"ఒకరు దొరికారమ్మా," అన్నారు.

ఆ ఐస్ బకెట్టు రోజుల్లోని మిగతావాళ్ళ గురించి ఏదో ఒకటి అనాలని, చదివిన పుస్తకాలన్నీ తలలో వెతికాను. ఆయన ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు.